ఓడే జట్టుకు మూడేళ్లు మెంబర్‌గా: నార్త్ మెల్‌బోర్న్ సీజన్ సీటు మీద నా మాట

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో మా వీధిలోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఫుటీ, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, మెంబర్‌షిప్ గురించి అడిగితే, చాలామంది ఇచ్చే సలహా ఒకటే. గెలిచే జట్టు చూసి తీసుకోండి, పిల్లలు సంతోషపడతారు అంటారు. నేను 2023లో నార్త్ మెల్‌బోర్న్ తీసుకున్నాను. ఆ ఏడాది 23 మ్యాచ్‌లు ఆడి మూడు గెలిచాం. 2024లోనూ మూడే. 2025లో ఐదు గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, 18 జట్లలో 16వ స్థానం దగ్గర ఆగాం. వచ్చే సీజన్‌కు మళ్లీ కట్టేశాను. ఎందుకు కట్టానో, ఎవరు కట్టొద్దో రెండూ చెప్తాను.

ముందు ఈ క్లబ్బే ఎందుకంటే, ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఆర్డెన్ స్ట్రీట్ మైదానానికి రెండు వీధుల అవతల అద్దెకుండేదాన్ని. నేను ఆర్థో వార్డులో నర్సుని. నైట్ డ్యూటీ దిగి నడిచి వస్తుంటే పొద్దున్నే ప్రాక్టీస్ జరుగుతుండేది. జట్టంతా ఆ చివర బంతితో ఆడుతుంటే, ఇద్దరు ముగ్గురు మాత్రం ఇవతల గీత వెంబడి మెల్లగా పరిగెత్తేవాళ్లు. పక్కన ఒకాయన చేతిలో వాచీ పట్టుకుని వెంట నడిచేవాడు. ఒక కుర్రాడు ప్రతి ఇరవై అడుగులకూ ఆగి తొడ వెనక చేత్తో నొక్కి చూసుకునేవాడు. ఆ చూసుకోవడం నాకు బాగా తెలుసు. మా వార్డులో మంచం దిగి మొదటి అడుగు వేసే ప్రతివాళ్లూ అలాగే చూసుకుంటారు. వాడి పేరేంటో, మళ్లీ ఎప్పుడు ఆడతాడో తెలుసుకోవాలనిపించింది. అలా మొదలైంది.

సీటు గురించి. మార్వెల్ స్టేడియం మాకు చాలా వీలు. టార్నీట్ నుంచి రైలెక్కితే సదరన్ క్రాస్‌లో దిగి, వంతెన మీద నడిచి గేటు దగ్గరికి వెళ్లిపోవచ్చు. జులై చలిలో పైకప్పు మూసేస్తారు, మా ఎనిమిదేళ్ల పిల్లాణ్ని తీసుకెళ్లడానికి భయం ఉండదు. నా సీటు కింది అంతస్తులో, మైదానం నడిమి భాగానికి ఎదురుగా, గీతకు బాగా దగ్గర. టీవీలో కనిపించనివి అక్కడ కనిపిస్తాయి. ఇద్దరు బంతి మీదకి ఒకేసారి వంగితే భుజాలు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. ఆట అటు చివరికి వెళ్లిపోయాక ఇక్కడ ఎవరు కుంటుతున్నారో, ఎవరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారో కెమెరా చూపించదు. పై అంతస్తులో ఆట ఆకారం బాగా తెలుస్తుంది, నిజమే. నాకు మనుషులు కనపడాలి. గేటు దగ్గర ఫోన్‌లో పాస్ చూపిస్తే చాలు, ఇబ్బంది పడిన రోజు లేదు. డబ్బు నెలవారీ వాయిదాల్లో కట్టుకోవచ్చు.

కొనేముందు ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా చదవండి. నార్త్ హోం మ్యాచ్‌లన్నీ మెల్‌బోర్న్‌లో జరగవు. చాలా ఏళ్లు హోబార్ట్‌లో కొన్ని ఆడారు. 2025 నుంచి ఏడాదికి రెండు పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్లాయి. చిన్న క్లబ్, దానికి ఆ డబ్బు అవసరం, అర్థం చేసుకోగలను. కానీ మీరు తీసుకునే ప్యాకేజీలో మెల్‌బోర్న్‌లో ఎన్ని మ్యాచ్‌లు వస్తాయో లెక్కేసుకోకుండా కట్టకండి.

ఇక అసలు సంగతికొస్తాను. ఓడే జట్టు మెంబర్‌కు వారం శనివారం మొదలవదు. మంగళవారం ఇంజురీ లిస్టుతో మొదలవుతుంది. ఆటగాడి పేరు, గాయం, ఎప్పుడొస్తాడు, అంతే ఉంటుంది. 'టెస్ట్' అని రాస్తే ఈ వారం ఆడొచ్చు. 'రెండు మూడు వారాలు' అంటే నాలుగు అనుకోవాలి. 'టీబీసీ' అని రాస్తే నాకు గుండె జారుతుంది, ఎందుకంటే డాక్టర్లకే ఇంకా తేలలేదని అర్థం. గురువారం సాయంత్రం జట్టు ప్రకటిస్తారు. ఆ సాయంత్రం మా ఇంట్లో వంట ఆలస్యమవుతుంది. మా మరిది కాలింగ్‌వుడ్ అభిమాని. ఫోన్ చేసి "వదినా, మీ డాక్టరుగారు ఈ వారం ఎవరిని వదిలారు?" అని అడుగుతాడు. స్టేడియంలో నా పక్క సీటు పెద్దాయన ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవారు. 1975లో నార్త్ మొదటి కప్పు గెలిచినప్పుడు స్టాండ్‌లో ఉన్నారు. 77, 96, 99 కప్పులన్నీ చూశారు. ఆయనకు జట్టు ఎంపికలో ఒకే సూత్రం, నిలబడగలిగినవాడు ఆడాలి. నేను ఒప్పుకోను. మా ఇద్దరికీ మూడేళ్లుగా ఈ వాదన నడుస్తోంది, మొదటి సైరన్ నుంచి ఆఖరి సైరన్ దాకా.

ఉదాహరణకు జార్జ్ వార్డ్‌లా. 2022 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వరుసగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, నాలుగో పిక్. బంతి కోసం మనుషుల గుంపులోకి తల దూర్చి వెళ్లే కుర్రాడు, చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం గాయం, వాణ్ని వదల్లేదు. ఈ ఆటలో అన్నిటికంటే ఎక్కువ వచ్చే గాయం అదే, ఒకసారి వస్తే మళ్లీ వచ్చే అవకాశమూ ఎక్కువే. నొప్పి తగ్గడం వేరు, కండరం పూర్తి వేగానికి తట్టుకోవడం వేరు. పెద్దాయన "వాడు లేకపోతే మధ్యలో బంతి ఎవరు తీస్తారు, తీసుకురండి" అంటారు. "ఒక వారం ముందు తెస్తే ఆరు వారాలు పోతుంది" అని నేనంటాను. నా వార్డులో రోజూ చూసేదే ఇది. ఏసీఎల్, అంటే మోకాలి లోపలి కట్టు, ఆపరేషన్ చేయించుకున్న కుర్రాళ్లు ఆరో నెలకే "నాకేం నొప్పి లేదు సిస్టర్" అంటారు. నొప్పి ఉండదు, నిజమే. లోపల కొత్తగా వేసిన నరం లాంటి ఆ కట్టు ఇంకా గట్టిపడలేదు. తొమ్మిది నెలలకు ముందు ఆటలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం పెరుగుతుందని సర్జన్లు చెప్పి చెప్పి అలిసిపోతారు. నార్త్‌లో గ్రిఫిన్ లోగ్‌కు 2023లో అదే తెగింది. ఫ్రీమాంటిల్ నుంచి మా డిఫెన్స్‌ను నిలబెట్టడానికి వచ్చిన మనిషి. దాదాపు ఏడాది పాటు లేడు.

తల దెబ్బల విషయంలో మాత్రం ఇప్పుడు వాదించడానికి ఏం లేదు, అది మంచిది. 2021 నుంచి కంకషన్ (తల దెబ్బకు మెదడు అదిరిపోవడం) అయితే కనీసం 12 రోజులు ఆడకూడదన్నది ఈ పోటీ నడిపే ఏఎఫ్ఎల్ నియమం. కోచ్ బతిమాలినా, ఆటగాడు ఏడ్చినా మారదు. కండరాల విషయంలో కూడా ఇంత గట్టిగా ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఇన్ని గాయాలు ఎందుకొస్తున్నాయి అన్న ప్రశ్న దగ్గరే నా అసలు కోపం ఉంది. చాలామంది అదృష్టం బాలేదంటారు. నాకు అలా అనిపించదు. క్లబ్ లిస్టును విప్పిన పద్ధతిలో తప్పుంది.

లిస్ట్ అంటే కాంట్రాక్టులో ఉన్న నలభైకి పైగా ఆటగాళ్లు. సాలరీ క్యాప్, అంటే జీతాల మొత్తానికి పరిమితి, ఉంటుంది కాబట్టి డబ్బున్న క్లబ్ వచ్చి అందరినీ కొనేసుకోలేదు. అడుగున నిలిచిన జట్టుకు నవంబర్ డ్రాఫ్ట్‌లో ముందు పిక్ వస్తుంది. పద్ధెనిమిదేళ్ల కుర్రాళ్లను తీసుకుని, పెంచుకుని పైకి రావాలి. ఇంతవరకూ బాగుంది. కానీ 2016 చివర్లో నార్త్ 432 మ్యాచ్‌లాడిన బ్రెంట్ హార్వీతో సహా నలుగురు పెద్దవాళ్లకు ఒకేసారి సెలవు చెప్పింది. ఆ ముందు 2014, 2015 రెండేళ్లూ ప్రిలిమినరీ ఫైనల్ దాకా, అంటే ఆఖరి ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద దాకా, వెళ్లిన జట్టది. 2016 తర్వాత ఫైనల్స్ ముఖమే చూడలేదు. 2020 అయిపోగానే పదకొండు మందిని ఒకేసారి తీసేశారు. అందులో మేసన్ వుడ్ సెయింట్ కిల్డాకు వెళ్లి చక్కగా ఆడాడు. 2023 చివర్లో బెన్ మెకే ఎసెండన్‌కు వెళ్లిపోయాడు, ఇరవై ఐదేళ్ల డిఫెండర్. బదులుగా వచ్చిన పిక్‌తో జేన్ డర్స్మాను తీసుకున్నాం. మంచి కుర్రాడు. కానీ ఇరవై ఐదేళ్ల మనిషి ఖాళీ చేసిన చోట పద్ధెనిమిదేళ్లవాణ్ని నిలబెట్టలేం కదా.

ఒక ఇల్లు ఊహించుకోండి. తాతలున్నారు, చిన్నపిల్లలున్నారు. సంపాదించే వయసు కొడుకులు, కోడళ్లు లేరు. బరువులు ఎవరు మోయాలి? పిల్లలే మోయాలి. నార్త్‌లో ఏళ్ల తరబడి జరిగింది అదే. హ్యారీ షీజల్ మొదటి ఏడాదే లీగ్‌లో ఉత్తమ కుర్ర ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ గెలిచాడు, అదే ఏడాది క్లబ్ ఉత్తమ ఆటగాడి మెడల్ కూడా గెలిచాడు. మా వాడు ఆ రాత్రి నిద్రపోలేదు. నాకు మాత్రం సంతోషంతో పాటు దిగులేసింది. స్కూలు దాటి ఏడాది కాని కుర్రాడు ఇంట్లో అందరికంటే ఎక్కువ బరువు మోస్తున్నాడంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి? చుట్టూ అనుభవం ఉన్న శరీరాలుంటే కుర్రవాళ్లను వారం విడిచి వారం ఆడించొచ్చు, గాయం మానేదాకా ఆగొచ్చు. లేకపోతే అలసిన కాళ్లతోనే దింపాలి. అలసిన కండరమే తెగుతుంది.

దీన్ని నేను కళ్లారా చూసిన రోజు 2024 జూన్ 16. కాలింగ్‌వుడ్‌తో మ్యాచ్, మార్వెల్‌లోనే. అంతకు ముందు వారమే పెర్త్‌లో వెస్ట్ కోస్ట్ మీద ఆ ఏడాది మొదటి గెలుపు. మా మరిది కూడా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు, నలుపు తెలుపు స్కార్ఫ్‌తో. మూడో క్వార్టర్‌లో 54 పాయింట్లు ముందున్నాం. అంటే తొమ్మిది గోల్స్. మరిది మాట్లాడటం మానేశాడు. మా వాడు కుర్చీ మీద నిలబడి స్కార్ఫ్ తిప్పుతున్నాడు. అప్పుడు గమనించాను, మా నడిమి ఆటగాళ్లు బంతి దగ్గరికి ఒక అడుగు ఆలస్యంగా చేరుతున్నారు. ముందు క్వార్టర్‌లో నిటారుగా నిలబడ్డవాళ్లు ఇప్పుడు బంతి ఆగిన ప్రతిసారీ నడుం మీద చేతులు పెట్టుకుంటున్నారు. పెద్దాయన కూడా చూశారు. మోకాలి మీద వేళ్లతో తడుతూ "మార్చండి, మార్చండి" అని గొణుగుతున్నారు. మార్చడానికి బెంచి మీద ఉన్నదీ అదే వయసువాళ్లు. ఒక్కో గోల్ పడుతుంటే మా బే మొత్తం నిశ్శబ్దం. ఆఖరి నిమిషంలో మాకు యాభై మీటర్ల పెనాల్టీ, అంటే బంతిని యాభై మీటర్లు గోల్ వైపు జరిపే అవకాశం, రావాలని అందరూ లేచి అరిచారు, అంపైర్ ఇవ్వలేదు. ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. మరిది ఎగరలేదు, గంతులేయలేదు. మా వాడి భుజం మీద చెయ్యేసి "పద నాన్నా, ఆకలేస్తుందేమో" అన్నాడంతే. రైల్లో టార్నీట్ దాకా ఎవరం మాట్లాడలేదు. అంపైర్ గురించి ఇప్పటికీ తిట్టుకునేవాళ్లున్నారు. నేను ఆ మూడో క్వార్టర్ చివర నడుం మీద చేతుల్నే తలచుకుంటాను.

అంతకు ముందు ఏడాది ఇంకో రకం వాదన నడిచింది. 2023లో వరసగా 20 మ్యాచ్‌లు ఓడిపోయి, చివరి మ్యాచ్ హోబార్ట్‌లో గోల్డ్ కోస్ట్‌తో ఆడాం. అది ఓడితే అట్టడుగున ఉంటాం, మొదటి పిక్ వస్తుంది, ఆ ఏడాది అందరూ కోరుకున్న కుర్రాడు హార్లీ రీడ్ వస్తాడు. గెలిస్తే ఆ పిక్ వెస్ట్ కోస్ట్‌కు పోతుంది. "ఈ ఒక్కటీ ఓడిపోండి వదినా, పదేళ్లు సుఖపడతారు" అన్నాడు మరిది. నార్త్ అభిమానుల్లోనే సగం మంది అదే అన్నారు. గెలిచాం. రీడ్ పెర్త్ వెళ్లిపోయాడు, మాకు రెండో పిక్‌లో కోల్బీ మెకెర్చర్ వచ్చాడు. ఆ గెలుపు తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. ఇరవై వారాలు తల దించుకుని మైదానం దాటిన కుర్రాళ్లు ఆ రోజు క్లబ్ పాట పాడుతుంటే టీవీ ముందు నేను, మా వాడు ఏడ్చాం. ఓడమని ఆటగాడికి చెప్పే క్లబ్‌కు నేను డబ్బు కట్టను.

ఒప్పుకోలేనిది 2024 చివర్లో చేసిన బేరం. తర్వాతి ఏడాది మొదటి రౌండు పిక్‌ను రిచ్‌మండ్‌కు ఇచ్చేసి 27వ పిక్ తీసుకున్నాం, దాంతో మ్యాట్ విట్‌లాక్‌ను ఎంచుకున్నాం. మనం పైకి ఎక్కేస్తాం, ఆ పిక్ విలువ తగ్గిపోతుంది అన్న ధీమా అది. 2025లో 16వ స్థానంలో ఆగాం. వరుస ప్రకారం చూస్తే మూడో పిక్ అది! విట్‌లాక్ తప్పేం లేదు, ఆ కుర్రాడి మీద కోపం లేదు. కానీ పంట చేతికి రాకముందే వచ్చే ఏడాది గింజలు అమ్ముకున్నట్టయింది. పెద్దాయన ఈ ఒక్క విషయంలో నాతో పూర్తిగా ఏకీభవించారు.

అదే సమయంలో తెచ్చిన ముగ్గురి మీద మాత్రం మా మరిదికీ నాకూ పడదు. లూక్ పార్కర్, జాక్ డార్లింగ్, కేలబ్ డేనియల్. మొదటి ఇద్దరికీ 32 ఏళ్లు, డేనియల్‌కు 28. "ముసలివాళ్లెందుకు, కుర్రాళ్ల చోటు పోతుంది" అని మరిది. నేను అలా అనుకోలేదు. డేనియల్ లాంటి వయసువాళ్లు ఇంకో ముగ్గురు కావాలి అన్నాను, పార్కర్ వచ్చినందుకూ సంతోషించాను. 2025 మార్చిలో మార్వెల్‌లో మెల్‌బోర్న్‌ను 59 పాయింట్లతో కొట్టిన రోజు ఆ తేడా కనిపించింది. కుర్రాళ్లు కంగారుపడిన చోట ఎవరో ఒక పెద్దవాడు బంతి పట్టుకుని, తల ఎత్తి, ఊపిరి తీసుకుని, తర్వాత కొట్టాడు. ఆ ఊపిరి కోసమే వాళ్లను తెచ్చారు. ఒక్క మార్చి నెలతో సీజన్ నడవదనేది వేరే సంగతి.

కోచ్ అలిస్టర్ క్లార్క్‌సన్ హాథార్న్‌కు నాలుగు కప్పులు తెచ్చిన మనిషి. నా ఓపిక ఆయన మీద ఇంకా ఉంది. పెద్దాయన ఓపిక అయిపోవచ్చింది. చార్లీ కోంబెన్‌ను ముందు వరుస నుంచి డిఫెన్స్‌కు మార్చినప్పుడు మేమిద్దరం ఎగిరి గంతేశాం. కాలి గాయాలతో ఏళ్లు పోగొట్టుకున్న పొడగరి కుర్రాడు అక్కడ కుదురుకున్నాడు. ఎంపికంటే అలా ఉండాలి.

మెంబర్‌షిప్ తీసుకునేవాళ్లు మహిళల జట్టు మ్యాచ్‌లు వదలొద్దు. దీని గురించి మన వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అదే క్లబ్, అవే నీలం తెలుపు చారలు. 2024లో ఒక్క మ్యాచ్ ఓడకుండా కప్పు గెలిచారు, ఫైనల్లో బ్రిస్బేన్‌ను 30 పాయింట్లతో కొట్టారు. 2025లో మళ్లీ గెలిచారు, మళ్లీ ఓటమి లేకుండా. జాస్మిన్ గార్నర్, ఎమ్మా కెర్నీ 2019లో జట్టు మొదలైనప్పుడే వచ్చారు. ఆ మూలస్తంభాలను ఎవరూ పీకేయలేదు, చుట్టూ ఒక్కొక్కరినీ చేర్చుకుంటూ వెళ్లారు. మగవాళ్ల లిస్టు గురించి నేను మూడేళ్లుగా అరుస్తున్నది దీని గురించే, అదీ అదే క్లబ్ గొడుగు కింద. మా అన్నయ్యగారి అమ్మాయి వాళ్లను చూశాక స్కూల్లో ఆడటం మొదలుపెట్టింది.

చిన్న హెచ్చరిక. పిల్లలకు జెర్సీ కొంటే క్లబ్ నుంచే కొనండి. నేను తొందరపడి వేరే షాపులో కొంటే వెనక నంబరు రెండు ఉతుకులకే లేచిపోయింది.

ఎవరు తీసుకోవాలి? పిల్లలకు ప్రతి వారం గెలుపు చూపించాలనుకుంటే వద్దు, నిజంగా వద్దు, పిల్లలు బాధపడతారు. పడమటి శివార్లలో ఉండి, రైలు దిగి నడిచి వెళ్లే సీటు, పక్కవాళ్లతో మాట కలిసే బే, పద్ధెనిమిదేళ్లప్పుడు చూసిన కుర్రాడు ఇరవై నాలుగేళ్ల మనిషి కావడం చూడాలనుకుంటే తీసుకోండి. గీతకు దగ్గర సీటు అడగండి. ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ రిచ్‌మండ్‌కు ఇచ్చేసిన పిక్‌కు.

పెద్దాయన కూడా కట్టారు. కట్టగానే ఫోన్ చేసి, మోకాలి మార్పిడికి తేదీ వచ్చిందని, సీజన్ మొదలయ్యేలోపు స్టేడియం మెట్లెక్కగలనా అని అడిగారు. నిలబడగలిగినవాడు ఆడాలనే మనిషి కదా, ఆపరేషనయిన వారానికే వస్తానంటారని నా భయం. నేను ఆరు వారాలు అన్నాను. ఆయన నాలుగు అన్నారు.